పదిహేడో వరుస

శనివారం సాయంత్రం నాలుగింటికి మిరపకాయ బజ్జీల పొట్లం విప్పారంటే ఆ ప్రయోగశాలలో పందెం మొదలైనట్టే. పెద్ద పందెమేం కాదు. గెలిచినవాళ్లకు ఒక బజ్జీ ఎక్కువ, ఓడినవాళ్లు టీ గ్లాసులు కడగాలి. చదువుకున్నవాళ్లు ఆడే ఆటల్లో ఇంతకన్నా అమాయకమైనది ఉండదని అక్కడివాళ్లంతా నమ్మేవారు.

సంగతేమిటంటే, గోదావరి కాలువలు సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న ఆ ట్రస్టు ఆసుపత్రిలో ఏ రోగి చేరినా, చేరిన గంటలోపు మణికట్టుకు తపాలా బిళ్లంత పట్టీ ఒకటి అంటించేవారు. సూది లేదు, నొప్పి లేదు. చర్మం గుండా వెలుతురు పంపి లోపలి నెత్తురును చదివేసేది. కాలు విరిగి వచ్చినవాడికి కాలు సంగతే కావాలి గానీ, పట్టీకి ఆ మొహమాటం లేదు. చక్కెర, ఉప్పు, కామెర్లు, మూత్రపిండాలు, అన్నీ కలిపి ఇరవై నాలుగు వరుసలు అచ్చు వేసి వార్డు ఫైల్లో పెట్టించేది. అందులో పదిహేడో వరుస కొలెస్ట్రాల్.

పట్టీని తయారుచేసింది మందాకిని. తొమ్మిదేళ్లు పట్టింది. ఆమెకు పాఠాలు చెప్పి, పీహెచ్‌డీ చేయించి, ఉద్యోగమిచ్చి, ఇరవై రెండేళ్లుగా ‘అమ్మాయ్’ అని పిలుస్తూ వచ్చినవారు ప్రయోగశాల పెద్ద గున్నేశ్వరరావుగారు. పట్టీ పనిచేస్తోందని తేలిన రోజున ఆయనే ఒక ప్రశ్న వేశారు. “అమ్మాయ్, ఎవరూ వెతకని జబ్బు దానంతటదే కనబడితే డాక్టర్లు ఏం చేస్తారంటావ్?”

అదే పరిశోధన అయింది. ఎముకల వార్డులోనో కంటి వార్డులోనో పడుకున్న మనిషికి కొలెస్ట్రాల్ మూడు వందలు దాటి కనబడితే, ఆ డాక్టరు మందు రాస్తాడా, ఇంకొకరికి చూపించుకోమంటాడా, లేక కాగితం తిప్పేస్తాడా? దూరంగా నిలబడి చూడాలి. అలా చూడటానికి నియమాలు రాసింది కూడా మందాకినే. డాక్టర్లకు గుర్తు చేయకూడదు. వార్డు ఫైలు ముట్టుకోకూడదు. రోగి పేరు తీసేసి నంబరు ఇవ్వాలి. ఏ నంబరు ఎవరిదో తెలిపే జాబితా గున్నేశ్వరరావుగారి దగ్గర మాత్రమే ఉండాలి.

రోగి ఇంటికి వెళ్లిన మూడు నెలలకు ఫలితం వచ్చేది. దాన్ని విప్పే ముందే ఈ పందెం.

“పదకొండు వందల ఎనభై ఏడు,” అని చదివాడు సాంకేతిక సహాయకుడు సుందర్రాజు. ఇద్దరు పిల్లల తండ్రి, నవ్వకుండా జోకులు వేసే మనిషి. “ఎముకల వార్డు. మగ. నలభై లోపు. పదిహేడో వరుసలో... నాలుగు వందల పద్దెనిమిది.”

ఎవరో ఈల వేశారు. మామూలు మనిషికి రెండు వందల్లోపు ఉండాల్సిన అంకె అది.

“ఎముకల వార్డా? అయితే రాసుకోండి, ఎవరూ చూడరు,” అంది మందాకిని బజ్జీ కొరుకుతూ. “వాళ్లకు ఎముకలో పగులుంటే కనబడుతుంది గానీ, ఎముక చుట్టూ మనిషున్నాడని కనబడదు.”

అందరూ నవ్వారు. సుందర్రాజు కవరు విప్పాడు. మందు రాయలేదు. మందాకిని గెలిచింది. గున్నేశ్వరరావుగారు కళ్లు మూసుకుని టీ తాగుతున్నారు. ఆయన పందెంలో చేరరు. పేర్లు తెలిసినవాడు చేరడం న్యాయం కాదని ఆయనే అనేవారు.

మందాకిని తమ్ముడు ఉమామహేశ్వరం ఊరికి ఎనిమిది మైళ్ల దూరంలో కాలువ లాకు మీద పనిచేసేవాడు. ఇనుప చక్రం తిప్పి తలుపులెత్తి, పడవలను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దింపడం అతని పని. ఎప్పుడో మూలపడ్డ కాలువ రవాణా మళ్లీ మొదలయ్యాక ఆ ఉద్యోగానికి గౌరవం వచ్చింది. రోజుకు నలభై పడవలు దాటించేవాడు. తలుపు మీద నాచు పట్టి ఉందని తెలిసి తెలిసీ పరిగెత్తబోయి, జారి పడి, ముంగాలు విరగ్గొట్టుకున్నాడు.

అప్పుడు మందాకినే తన ఆసుపత్రిలో చేర్చింది. “మా తమ్ముడండీ, కాస్త చూసుకోండి,” అని అందరికీ చెప్పింది. ఇక చూడాలి ఆ వైభవం. కిటికీ పక్క గది ఇచ్చారు. దారిన పోయే ప్రతి డాక్టరూ తొంగిచూసి, “మేడమ్ గారి తమ్ముడా?” అని పలకరించి పోయేవాడు. సూపరింటెండెంటుగారు స్వయంగా వచ్చి కట్టు తట్టి చూశారు. ఆసుపత్రి మనిషి తాలూకు రోగి అంటే అంతే. అందరూ చూస్తారు, ఎవరో ఒకరు పూర్తిగా చూసే ఉంటారని అందరూ అనుకుంటారు. పదిమంది చేతిలో పడ్డ పాము చావదని ఊరికే అన్నారా!

ఉమా చేతికీ పట్టీ అంటించారు. వచ్చిన ప్రతివాడికీ చెయ్యి చాపి, “ఇది మా అక్క చేసిందండి,” అని చూపించేవాడు. మందాకినికి లోలోపల ఎంత గర్వమో. అతని కాగితం చూడాలని మాత్రం ఆమెకు తోచలేదు. తాను రాసిన నియమం తనే తప్పితే ఎలా? పైగా పట్టీని మొట్టమొదట అంటించుకున్నది తనే. పదిహేడో వరుసలో నూట అరవై ఎనిమిది వచ్చింది. ఒకే కడుపున పుట్టినవాళ్లం, వాడికి మాత్రం వేరే ఎందుకుంటుంది అనుకుంది. నాన్న నలభై మూడో ఏట చేలో గట్టెక్కుతూ కూలిపోతే గాలి సోకిందన్నారు ఇంట్లోవాళ్లు. ఇన్ని చదివిన మందాకిని ఆ గాలి ఏమిటని ఒక్కసారైనా ఆలోచించలేదు. ఇంటి సంగతుల దగ్గర చదువు చెప్పుల్లాగా గుమ్మం బయటే ఉండిపోతుంది.

కాలు అతుక్కుంది. ఏడాది గడిచింది. ఏప్రిల్లో ఒక ఆదివారం మందాకిని లాకు క్వార్టర్సుకి భోజనానికి వెళ్లింది. మరదలు సుభద్ర పనసపొట్టు కూర, మజ్జిగపులుసు చేసింది. గున్నేశ్వరరావుగారికి ఆ కూరంటే ప్రాణం. ఆయన ఆ ఇంట్లో మూడుసార్లు భోంచేశారు. ఆయన కోసమంటూ సుభద్ర చిన్న గిన్నె విడిగా కట్టింది కూడా.

తిన్నాక కాలువ గట్టు మీద నడుస్తుంటే ఉమా రెండుసార్లు ఆగాడు.

“ఏరా, ఆయాసమా?”

“కాలు ఇరిగాక కదలిక తగ్గింది గదక్కా. చక్రం తిప్పేటప్పుడు కూడా ఇలాగే అవుతుంది,” అన్నాడు. నాలుగడుగులు వేసి, “ఆసుపత్రిలో నాకు పెట్టేరే పట్టీ, అందులో ఏం రాలేదుగా?” అని అడిగాడు.

“ఏమైనా వచ్చుంటే మా సారు నాకు చెప్పకుండా ఉంటారట్రా? పేర్లన్నీ ఆయన దగ్గరే ఉంటాయి.”

“అంతేలే,” అన్నాడు ఉమా. ఎదురుగా వస్తున్న పడవకు చెయ్యి ఊపి, కూతురు వైదేహికి చక్రం తిప్పడం నేర్పుతున్నానని, పన్నెండేళ్లకే దానికి తనకన్నా ఒడుపు తెలిసిందని చెప్పాడు.

జూన్ తొమ్మిది, మంగళవారం, పదిన్నరకు సుభద్ర ఫోన్ చేసింది.

“వదినగారండీ, మీ తమ్ముడు చక్రం మీదే పడిపోయేరండి. పలకట్లేదండి. పడవోళ్లు కారులో ఎక్కించేరు, అక్కడికే తెత్తన్నాం...”

మందాకిని మూడంతస్తులు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. కారు వచ్చేసరికి ఎమర్జెన్సీ గుమ్మంలో నిలబడి ఉంది. తమ్ముడి మొహం బూడిద రంగులో ఉంది. చొక్కా మీద చక్రానికి పూసే గ్రీజు మరక ఉంది. సుభద్ర ఒక చేత్తో అతని తల పట్టుకుని, ఇంకో చేత్తో పదే పదే ఆ మరక తుడుస్తోంది. లోపలికి తీసుకుపోయారు. గంటన్నర తరవాత గుండె డాక్టరు బయటికి వచ్చాడు.

“ప్రాణానికి ఫర్వాలేదు మేడమ్. కానీ ముందువైపు పెద్ద రక్తనాళం పూర్తిగా మూసుకుపోయింది. గుండె కండరంలో మూడో వంతు పోయినట్టే. ఇక చక్రాలు గిక్రాలు తిప్పడం కుదరదు.” కాగితం తిప్పి చూశాడు. “కొలెస్ట్రాల్ నాలుగు వందల ఇరవై ఒకటి. మడమల వెనక స్నాయువులు కూడా లావెక్కి ఉన్నాయి. ఇది పుట్టుకతో వచ్చే రకం, వంశంలో ఉంటుంది. పదేళ్ల ముందే బిళ్ల వేసుకోవాల్సింది. ఏడాది ముందు మొదలెట్టినా ఇంత దాకా వచ్చేది కాదేమో. ఇదివరకు ఎక్కడా నెత్తురు పరీక్ష చేయించలేదా?”

ఆసుపత్రి మొత్తానికి నెత్తురు పరీక్ష నేర్పిన మనిషిని ఆయన ఆ మాట అడుగుతున్నాడు. ఇక్కడే, పద్నాలుగు నెలల క్రితం, అంది మందాకిని.

“మరి అప్పుడు బాగానే ఉందా?”

ఆమె మెట్ల వైపు నడిచింది. అప్పుడెంత ఉందో తెలుసుకోవాలి. అప్పుడు బాగానే ఉండి ఉండాలి, ఉంటుంది, లేకపోతే సారు చెప్పేవారు. మెట్టు మెట్టుకూ ఇదే అనుకుంటూ ఎక్కింది.

ప్రయోగశాలలో సుందర్రాజు మొహం వెలిగిపోతోంది. అతనికి కింద జరిగింది ఇంకా తెలియదు.

“మేడమ్, సరిగ్గా టైముకొచ్చారు. సారుగారి గీత ఇవాళ ఇంకోటి కలిసిందండి. వారం కూడా తేడా లేదు. చూడండి!”

గున్నేశ్వరరావుగారి బల్ల మీద తెర తెరిచే ఉంది. మందాకిని ఎన్నడూ చూడని పట్టిక అది. ఎడమవైపు నంబర్లు. ప్రతి నంబరు ఎదురుగా పైకి పాకే సన్నని గీత. ఆ గీత పైన అడ్డంగా ఉన్న ఎర్రగీతను తాకేచోట ఒక తేదీ. ఎమర్జెన్సీలో అంటించిన పట్టీ కొలత అందినట్టుంది, ఆఖరి గడిలో ఆకుపచ్చ టిక్కు ఇప్పుడే పడింది.

1187. అంచనా: జూన్ రెండో వారం. ఘటన: జూన్ 9.

ఎముకల వార్డు, మగ, నలభై లోపు. ఈ వేళ. ఆ ఉదయం ఈ ఆసుపత్రిలోకి గుండెపోటుతో వచ్చినవాడు ఒక్కడే. నాలుగు వందల పద్దెనిమిది అని చదివినప్పుడు తాను బజ్జీ కొరికి నవ్విన నవ్వు చెవిలో వినబడింది.

“గీత ఏమిటి సుందర్రాజూ?” అంది నెమ్మదిగా.

“మీకు తెలీదా మేడమ్? నాడి కొట్టుకున్నప్పుడు నాళం గోడ ఎంత బిరుసుగా ఉందో కూడా పట్టీకి తెలుస్తుంది కదండీ. దాన్నీ కొలెస్ట్రాల్‌నీ కలిపి సారుగారు ఎప్పుడు మూసుకుపోతుందో లెక్కగడుతున్నారు. మీకూ తెలుసనే అనుకున్నానండి.” అతని గొంతు తగ్గిపోయింది. “ఏమైంది మేడమ్?”

“అది మా తమ్ముడు.”

సుందర్రాజు చేతిలో పెన్ను కింద పడింది. వంగి తీసుకోవడం కూడా మరిచిపోయి, బయటికి వెళ్లిపోయాడు.

గున్నేశ్వరరావుగారు లోపలి గదిలోంచి వచ్చారు. ఆమెను, తెరను చూశారు. తెర మూయడానికి ప్రయత్నించలేదు. అందుకు మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి.

“పదకొండు వందల ఎనభై ఏడు మా ఉమా అని మీకెప్పటినుంచి తెలుసు సార్?”

“చేరిన రోజునుంచీ తెలుసమ్మా.”

“వాడి గీత?”

“మర్నాటి నుంచి.”

“ఏప్రిల్లో సుభద్ర పంపిన కూర తిన్నప్పుడు కూడా తెలుసు.”

ఆయన కూర్చున్నారు. “మందాకినీ, ఒక్కమాట విను. మందు వేసుకునేవాడి మీద ఆ గీత నిజమో కాదో తేల్చలేం. మందు గీతను మార్చేస్తుంది. మందివ్వకుండా ఆపి చూస్తామంటే పరిశోధనలకు అనుమతిచ్చే ఏ సంఘమూ ఒప్పుకోదు. ఒప్పుకోకూడదు కూడా. మనం ఎవరి మందూ ఆపలేదు. అంకెను దాచలేదు. ఫైల్లో అందరికీ కనబడేలా అచ్చేసి పెట్టాం.”

“చూడరని తెలిసి పెట్టాం.”

“నూటికి ఎనభైమంది చూడరని మొదటి ఆరునెలల్లో లెక్క తేల్చింది నువ్వే కదమ్మా.”

ఆ మాటతో మందాకినికి అంతా అర్థమైంది. డాక్టర్లు ఏం చేస్తారో తెలుసుకోవడం కాదు ఈ పరిశోధన. డాక్టర్లు ఏమీ చేయరన్న ధీమా మీద కట్టినది. మందు వేసుకోని మనుషులు ఆయనకు కావాలి. వాళ్లను తయారుచేయనక్కరలేదు, ఆసుపత్రి అలవాటే తయారుచేసి ఇస్తుంది. ఎంతమంది దొరుకుతారో లెక్కకట్టి చేతిలో పెట్టింది తను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది ఇరవై రెండేళ్ల గురుభక్తి.

“నాకొక్కదానికి చెప్పి ఉండొచ్చుగా సార్?”

“చెబితే నువ్వు ఊరుకునేదానివా?”

“ఊరుకునేదాన్ని కాదు.”

“అందుకే చెప్పలేదు. ఒకడికి మినహాయింపు ఇస్తే అందరికీ ఇవ్వాలి. ఇది నిజమని తేలితే రేపు లక్షలమందికి, ఫలానా నెల జాగ్రత్త అని ముందే చెప్పగలం. వాడు నాకు మాత్రం పరాయివాడా? రాత్రుళ్లు నిద్రపట్టేదనుకున్నావా?”

“మీకు నిద్రపట్టకపోతే మాకేం ఒరిగింది?” అంది మందాకిని. జీవితంలో మొదటిసారి ఆయనతో ఆ గొంతుతో మాట్లాడింది. “గీత దాటాల్సినవాళ్లు ఇంకెంతమంది ఉన్నారు?”

“ముప్పై ఒక్కమంది.”

“పేర్లివ్వండి.”

“ఇంకో ఎనిమిది నెలలమ్మా. అయిపోవచ్చింది. ఇప్పుడు చెడగొడితే పోయినవాళ్లు ఊరికే పోయినట్టవుతుంది.”

పోయినవాళ్లు. ఆ మాట ఆయన నోటినుంచి ఎంత మామూలుగా వచ్చిందంటే, ఆమె అక్కడినుంచి బయటికి వచ్చేసింది.

పేర్ల జాబితా కోసం సారుగారి ఇనప్పెట్టె బద్దలు కొట్టాల్సిన పనిలేదని మెట్లు దిగుతుండగా తోచింది. పేర్లు ఎప్పుడూ దాచి లేవు. ఏ వార్డులోకి వెళ్లినా ఫైలు అట్ట మీద పేరుంటుంది, లోపల పదిహేడో వరుస ఉంటుంది, చివర ఫోన్ నంబరు ఉంటుంది. ఆ వరుసకూ ఆ ఫోన్ నంబరుకూ మధ్య అడ్డం ఉన్నది తాను రాసిన నియమం ఒక్కటే.

సుందర్రాజు వెనకే వచ్చాడు. “నేనూ వస్తానండి,” అన్నాడు.

అన్ని వార్డుల పాత ఫైళ్లూ ఉండే గది తాళం ఎముకల వార్డు సిస్టర్ మేరీరత్నం దగ్గర ఉంటుంది. సంగతి విని ఆవిడ ఒక్కసారి శిలువ గుర్తు వేసుకుని తాళం తీసింది. తరవాత తనూ చీర కుచ్చిళ్లు సర్దుకుని నేల మీద కూర్చుంది. మూడు రోజులు పట్టింది. ఒక్కొక్క ఫైలు, ఒక్కొక్క పదిహేడో వరుస. మూడు వందలు దాటి, మందు రాయనివాటిని పక్కన పెట్టడం, ఫోన్ చేయడం. సారుగారి ముప్పై ఒక్కమంది వీళ్లలో ఎవరో తెలియదు కాబట్టి అందరికీ చేయాల్సిందే.

వింతేమిటంటే, చాలా ఫైళ్లలో ఆ వరుసను ఎవరో ఒకరు చూసిన గుర్తులున్నాయి. ఒకచోట పెన్నుతో గుండ్రంగా చుట్టారు. ఒకచోట ‘టిఫిన్ తిన్నాక తీసిన కొలత కావచ్చు, పరగడుపున మళ్లీ చూడాలి’ అని రాశారు, ఎవరు చూడాలో రాయలేదు. ఒకచోట ‘జనరల్ వార్డు డాక్టరును కలవవలెను’ అని ముద్ర కొట్టారు, రోగికి ఆ సంగతి చెప్పినట్టు లేదు. ఏ డాక్టరూ దుర్మార్గుడు కాడు. చుట్టాక, రాశాక, ముద్ర కొట్టాక తన పని అయిపోయిందని ప్రతివాడూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఉంటాడు. ఈ రోజు చంపే అంకె కాదు కదా అది. ఎముక అతుక్కుని మనిషి నడిచి వెళ్లిపోయాడు.

“నమస్కారమండీ, ఆసుపత్రి నుంచి. మీరు చెయ్యి విరిగి మా దగ్గర ఉన్నప్పుడు ఒక పరీక్షలో...” అని మొదలుపెట్టేది మందాకిని. కొందరు విసుక్కున్నారు. కొందరు మోసమేమోనని పెట్టేశారు. చాలామంది రేపే వస్తామన్నారు. ఒక ఆడమనిషి మాత్రం అంతా విని, “ఆయన పోయి అయిదు నెలలైందండీ. అప్పుడు చెప్పలేదేమండీ?” అని అడిగింది. తిట్టలేదు, ఏడవలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మందాకిని ఫోన్ సిస్టర్ చేతిలో పెట్టి బయటికి వెళ్లిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం సిస్టర్ ఒక ఫైలు తీసి, అట్ట చూసి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“అమ్మా, ఇది మీ తమ్ముడుగారిదండి.”

“ఇవ్వండి.”

“ఇంటికెళ్లి చూసుకుందురుగానిలెండి.”

మందాకిని చెయ్యి చాపింది. పదిహేడో వరుస కింద గీత ఉంది. పక్కన గుండ్రటి చేతిరాత. అప్పట్లో ఆ వార్డులో హౌస్ సర్జన్‌గా ఉన్న డాక్టర్ నస్రీన్ రాసింది. తక్కినవాళ్లలా ఆమె చుట్టి వదిలేయలేదు. పూర్తిగా రాసింది.

‘కొలెస్ట్రాల్ 418. వంశపారంపర్యం కావచ్చు. తండ్రి 43 ఏళ్లకు హఠాత్తుగా మరణించారట. రోగికి వివరించాను. బిళ్ల మొదలుపెట్టమని చీటీ రాశాను. రోగి వద్దన్నారు. తమ అక్కగారు ఇదే ఆసుపత్రిలో ఈ పరీక్ష చేసే ప్రయోగశాలలో ఉన్నారని, అవసరమైతే ఆమే చెబుతారని అన్నారు. అక్కగారి నిర్ణయానికి వదిలి, చీటీ వెనక్కి తీసుకున్నాను.’

ఆమె ఆ పేరా రెండుసార్లు చదివింది. ఒక డాక్టరు చూసింది. చూసి చెప్పింది. మందు చేతికిచ్చింది. ఆ చేతిని వెనక్కి లాగింది గున్నేశ్వరరావుగారు కాదు, ఆసుపత్రి అలవాటు కాదు. అక్క ఉందన్న ధైర్యం.

ఈ మూడు రోజులూ తనను ఎవరు మోసగించారో లెక్కపెట్టుకుంటూ వచ్చిన మందాకినికి, ఆ లెక్కలో తమ్ముడి వైపునుంచి చూస్తే మొదటి పేరు ఎవరిదో తెలిసింది. ఏడుపు వచ్చింది. సిస్టర్ మేరీరత్నం వీపు మీద చెయ్యి వేసింది.

ఆ సాయంత్రం ఉమాను మామూలు గదిలోకి మార్చారు. మూడు రోజుల్లో పదేళ్లు పైబడ్డట్టున్నాడు. మందాకిని మంచం పక్కన కూర్చుని అంతా చెప్పింది. గీత సంగతి, సారు సంగతి, శనివారం పందెం, తాను గెలిచిన బజ్జీ, ఏదీ దాచలేదు. ఉమా పైకప్పు చూస్తూ విన్నాడు. బజ్జీ మాట దగ్గర ఒకసారి కళ్లు మూసుకున్నాడు.

“ఆ నస్రీనమ్మ నిజంగానే గట్టిగా చెప్పిందక్కా,” అన్నాడు చివరికి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. “నేనే నవ్వేను. మా అక్క ఉండగా మీకెందుకండి బెంగ, ఆ మిషను చేసిందే ఆవిడ అన్నాను. ఇంటికెళ్లేక రోజూ చూసేను, నువ్వేమన్నా అంటావేమోనని. అనలేదు. అంటే ఏం లేదన్నమాటే అనుకున్నాను. ఏప్రిల్లో ఆయాసమొచ్చి మళ్లీ అడిగేను.”

“నాకు తెలీదురా. ఒట్టు.”

“తెలీదని నాకూ తెలుసే. నీ మీద కోపం లేదు.” అది నిజమేనని ఆమెకు అర్థమైంది. కోపం ఉంటే బాగుండుననిపించింది. “వైదేహికి కూడా చూడాలంటున్నారు. దానికీ వచ్చే వీలుందంట.”

“అవును, సగానికి సగం. నేను రేపే—”

“వద్దక్కా.”

మెల్లగానే అన్నాడు.

“నస్రీనమ్మ ఇప్పుడు కింద జనరల్ వార్డులోనే ఉంది. ఆవిడికే అప్పజెప్పేను. సుభద్ర తీసుకెళ్లింది పిల్లని. ఏదున్నా నాకూ సుభద్రకీ చెప్పమన్నాను.” ఊపిరి తీసుకున్నాడు. “ఆవిడ మనకేం కాదు గదా. అందుకని చెప్తాది.”

తలుపు తెరుచుకుంది. మోచేతి మడతలో దూది నొక్కి పట్టుకుని వైదేహి వచ్చింది, వెనక సుభద్ర, ఆ వెనక చేతిలో కాగితంతో డాక్టర్ నస్రీన్. చెప్పులు చప్పుడు కాకుండా నడిచే సన్నటి అమ్మాయి. ఆమె మందాకినిని చూసి తడబడి, “మేడమ్, మీరు కూడా...” అంటూ అలవాటు చొప్పున కాగితం ఆమె వైపు చాపబోయింది.

“అమ్మా, ఇటియ్యండి,” అన్నాడు మంచం మీదినుంచి ఉమా. “మా అక్క కాసేపు బయట కూర్చుంటాది.”

సుభద్ర తల దించుకుంది. వైదేహి మేనత్త మొహం చూసి, నాన్న మొహం చూసి, ఏమీ అర్థం కాక దూదిని ఇంకాస్త గట్టిగా నొక్కుకుంది. మందాకిని పిల్ల తల నిమరబోయి మానేసి, లేచి బయటికి వచ్చింది. వరండాలో రోగుల తాలూకు మనుషుల కోసం వేసిన చెక్కబల్ల మీద, ఎవరో ముసలమ్మ జరిగి చోటిస్తే, కూర్చుంది. లోపల నస్రీన్ ఏదో చెబుతోంది. తలుపు వేసి ఉండడం వల్ల ఆమెకు వినబడలేదు.